ఆనవాళ్లు మూడింటికి తగ్గరాదు

జూలై మూడో తేదీ, బుధవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు లాకుల వీధి ఏడో నంబరు మేడ మీద, వెనకవైపు గదిలో సమావేశమైనవారు ఐదుగురు. జిల్లా హస్తకృత ధ్రువీకరణ కార్యాలయం ఉప సంచాలకులు పంచాక్షరయ్యగారు. అదే కార్యాలయంలో సాంకేతిక సహాయకురాలు హైమావతిగారు. గదులకు సీలు వేసే అధికారమూ, అందుకు కావలసిన లక్క, కొవ్వొత్తి, తెల్లగుడ్డా కలిగిన నూకరాజు. ఆ గదిలో అద్దెకుంటున్న విశ్వపతి. ఆయన స్నేహితుడు, ఆర్టీసీ బస్సు కండక్టరు ఏలీషా. ఆరోవాడు అనదగినది బల్ల మీద ఉంది. హాజరుపట్టీలో దానికి గడి లేదు గానీ, మిగిలిన వాళ్లంతా అక్కడ చేరింది దానికోసమే.

అది అరచేతిలో ఇమిడే అల్యూమినియం పెట్టె. గిటార్ వాయించేవాళ్లు దాన్ని నేల మీద పెట్టి, గిటార్‌కు తగిలించుకుని, కాలితో మీట నొక్కుతారు. నొక్కగానే అంతవరకూ మర్యాదగా పలుకుతున్న గిటార్ బొంగురుపోయి గర్జిస్తుంది. మళ్లీ నొక్కితే బుద్ధి తెచ్చుకుంటుంది. దాన్ని పెడల్ అంటారు. విశ్వపతి వాటిని సొంతంగా తయారుచేస్తాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. నేర్చుకోవాలన్న కోరికా లేదు. లోపలి తీగల పని రెండు సాయంత్రాల్లో ముగిసిపోతుంది. ఆయన ప్రాణమంతా పై రంగులో ఉంటుంది.

ఆ రంగు వేయడం ఒక అనుష్ఠానం. పెట్టెను ముందు నాలుగువందల నంబరు వాటర్ పేపరుతో, తరవాత ఆరువందలతో, ఆపైన వెయ్యితో తడిపి తడిపి రుద్దాలి. ప్రైమరు రెండు పూతలు. సముద్రం దగ్గర ఊరు కనక గాలిలో తేమ చూసుకోవాలి. మబ్బు పట్టిన రోజు లక్కర్, అంటే మెరిసే పై పూత, వేస్తే రంగు విరిగిన పాలలా తెల్లబడుతుంది. పూత వేశాక గదిలో ఫ్యాను తిరగకూడదు. ఎవరూ దుప్పటి దులపకూడదు. గట్టిగా నిట్టూర్చకూడదు. ఆరడానికి పాత బిస్కెట్ల డబ్బాలో బల్బు వెలిగించి అందులో ఉంచాలి. ఇలా పదకొండు పూతలు. పూతకూ పూతకూ మధ్య మళ్లీ రుద్దుడు. అన్నీ అయ్యాక ఆ పెట్టెలోకి తొంగిచూస్తే మనిషికి తన ముఖం కనబడుతుంది. అద్దంలో కన్నా కొంచెం గంభీరంగా.

ఇరవై రెండేళ్లు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాలను వర్గీకరించి, పాఠకులు వాటిని తీసిన చోట పెట్టకపోవడం చూసి చూసి భరించలేక, ముందుగానే పదవీ విరమణ చేసినవాడు విశ్వపతి. మనుషుల మధ్య ఆయనకు ఊపిరాడదు. ఆ టేకు బల్ల ముందు కూర్చుంటే మాత్రం ఆడుతుంది. ఏలీషాకు ప్రవేశం ఎందుకంటే, అతను గుమ్మంలో కూర్చుంటాడు, దేన్నీ ముట్టుకోడు, ఆదివారం చర్చిలోనూ మిగతా వారాలు పెళ్లి ఆర్కెస్ట్రాలోనూ గిటార్ వాయిస్తాడు. విశ్వపతి చేసిన పదకొండు పెట్టెలూ అతని దగ్గరే ఉంటాయి.

ఉపద్రవం కూడా అతని ద్వారానే వచ్చింది.

ఆ సంవత్సరం రాష్ట్రంలో చేతిపని మీద ప్రేమ ఒక్కసారిగా పెల్లుబికింది. పెద్దవారెవరో విదేశీ పర్యటనలో చేత్తో చెక్కిన చెంచా ఒకటి చూసి, దాని వెల విని, కన్నీళ్లతో తిరిగివచ్చారని చెప్పుకున్నారు. ఆ కన్నీళ్లు ఆరేలోగా జిల్లాకొక హస్తకృత ధ్రువీకరణ కార్యాలయం వెలిసింది. చేత్తో చేసిన ప్రతి వస్తువుకూ పత్రం ఇవ్వడం దాని పని. పెట్టిన నెలలోనే ఒక కర్మాగారం వారు పదివేల ప్లాస్టిక్ ఏనుగులను పంపి, అన్నీ తమ అత్తగారు చేసినవేనని రాసుకొచ్చారు. దాంతో ఏడో నిబంధన పుట్టింది: "చేతితో చేయబడినదని చెప్పబడు ప్రతి వస్తువు మీదను చేయివాటపు లోపములు, అనగా ఆనవాళ్లు, కంటికి కనబడునట్లు ఉండవలెను, అవి మూడింటికి తగ్గరాదు."

ఈ నిబంధన సంగతి తెలియని ఏలీషా, మాస్టారి పేరు నలుగురికీ తెలియాలన్న సదుద్దేశంతో, ఆయనకు చెప్పకుండా ఒక పెడల్‌ను కార్యాలయం వారి ప్రదర్శనకు పట్టుకెళ్లాడు. న్యాయనిర్ణేతలు దాన్ని భూతద్దం కింద పెట్టారు. నలభై నిమిషాలు చూశారు. తరవాత తాఖీదు వచ్చింది.

"మీ నైపుణ్యాన్ని కార్యాలయం శంకించడం లేదు విశ్వపతిగారూ," అన్నారు పంచాక్షరయ్యగారు, పెట్టెను రుమాలుతో పట్టుకుని కిటికీ వైపు తిప్పుతూ. "నైపుణ్యం కనబడుతూనే ఉంది. చెయ్యి కనబడటం లేదు. సమస్య అదీ."

చెయ్యి కనబడకుండా చేయడానికే తాను మూడు వారాలు పడ్డ పాట్లను విశ్వపతి వివరించబోయాడు. ఆ వివరణ తనకే ప్రతికూలంగా నమోదవుతోందని హైమావతి కలం కదలికను బట్టి గ్రహించి ఆగిపోయాడు.

తరవాతి తర్కాన్ని ఉప సంచాలకులు చాలా ఓపికగా, పసివాడికి ఎక్కం చెప్పినట్టు చెప్పారు. ఆనవాళ్లు లేవు కనక ఇది చేత్తో చేసినది కాదు. చేత్తో చేయకపోతే యంత్రంతో చేసినది. యంత్రంతో వస్తువు తయారయ్యే చోటు కర్మాగారం. నివాస గృహంలో కర్మాగారం నడపరాదు. నడిపితే ఆ బల్లకు, దాని మీది సామగ్రికి, అవసరమైతే గదికి సీలు వేయవలసి ఉంటుంది. ఈ మాట వినగానే నూకరాజు సంచిలోంచి కొవ్వొత్తి తీశాడు. ఇంకా లేదని ఉప సంచాలకులు చేత్తో వారించారు.

యంత్రం కోసం గది వెతికారు. మంచం కింద పుస్తకాలు, బీరువాలో పుస్తకాలు, స్నానాల గది అటక మీద పుస్తకాలు దొరికాయి. బల్ల మీద చేత్తో తిప్పే బెజ్జాల మర, బిస్కెట్ల డబ్బా, వాటర్ పేపరు ముక్కలు. యంత్రం కనబడకపోవడం యంత్రం లేదనడానికి ఆధారం కాదనీ, బాగా దాచారనడానికి మాత్రమే ఆధారమనీ హైమావతి రాసుకుంది. ఆమెకు ముప్ఫై దాటలేదు. నిబంధనల పుస్తకం అంతా నోటికి వచ్చు. ద్వేషం ఏ కోశానా లేదు. అందుకే ఆమెను చూస్తే విశ్వపతికి ఎక్కువ భయం వేసింది.

చివరికి మూడు వారాల గడువు ఇచ్చారు. నిబంధన ప్రకారం మూడు ఆనవాళ్లున్న పెట్టె ఒకటి చేసి చూపించాలి. లేదా బల్లకు సీలు.

వాళ్లు మెట్లు దిగాక ఏలీషా గుమ్మంలోంచి కదలకుండా, తల వంచుకుని, తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. ఆ తరవాత ఓ ఉపాయం కూడా చెప్పాడు.

"నాకిచ్చెయ్యండి మాస్టారూ. నేను రంగేత్తాను. మూడేం కర్మ, ముప్ఫై వత్తాయి."

"నేను చేసినదై ఉండాలట ఏలీషా. తప్పు కూడా నాదే అయి ఉండాలి."

"మరి చేసెయ్యండి. తప్పు చెయ్యటానికేముందండి? మేం రోజూ చేత్తన్నాం కదా."

విశ్వపతి ఆ మాటను సీరియస్‌గా తీసుకున్నాడు. దేన్నయినా సీరియస్‌గా తీసుకోవడం తప్ప ఆయనకు మరొక పద్ధతి తెలియదు. మర్నాడు ఉదయమే రేకు ముక్కలు పన్నెండు కోయించుకొచ్చి, వాటి మీద తప్పులు సాధన చేయడం మొదలుపెట్టాడు. రంగు జారి కారినట్టుండే బొట్టు ఒకటి. నారింజ తొక్కలా గరుకుతేలిన మచ్చ ఒకటి. కుంచె వెంట్రుక అంటుకుపోయిన గీత ఒకటి. మొదటి బొట్టు కారనేలేదు. అలవాటు కొద్దీ చెయ్యి రెప్పపాటులో దాన్ని సరిచేసింది. నాలుగో రేకు మీద బొట్టు కారింది గానీ మరీ అసహ్యంగా ఉంది. అలాంటి తప్పు కింద తన పేరు ఉండటం ఆయన ఊహించలేకపోయాడు. తప్పయినా ఒక తీరుగా ఉండాలి కదా. తొమ్మిదో రేకు నాటికి తీరు పట్టుబడింది. పన్నెండోది చూసి ఏలీషా నోరు తెరిచాడు. అంత ముచ్చటైన మరకను ఎక్కడా చూడలేదన్నాడు.

జూలై ఇరవై నాలుగున అదే ముగ్గురూ మళ్లీ వచ్చారు. ఆకుపచ్చ పెట్టె మీద మూడు ఆనవాళ్లనూ చూసి పంచాక్షరయ్యగారి ముఖం విప్పారింది. పత్రాల పుస్తకం కూడా తెరిచారు. అప్పుడు హైమావతి సంచిలోంచి కొలత పరికరం తీసి మూడు మచ్చలనూ కొలిచింది. తరవాత వాటి మధ్య దూరాలను కొలిచింది. తరవాత ఒకసారి కళ్లు మూసుకుని, మళ్లీ కొలిచింది.

"మూడూ సరిగ్గా రెండేసి మిల్లీమీటర్లు సార్. ఒకదాని నుంచి ఒకటి సమాన దూరం. త్రిభుజం."

అడ్డదిడ్డంగా పెడితే బాగుండదని అలా పెట్టానని విశ్వపతి నెమ్మదిగా చెప్పాడు. అది నేరాంగీకారంగా నమోదయింది. ఇక్కడ యంత్రం ఉన్నదన్న అనుమానం బలపడిందనీ, పైగా అది తప్పులను కూడా ఖచ్చితంగా చేయగల అధునాతన యంత్రమనీ, ఇంతటిది రాష్ట్రంలో మరెక్కడా లేదనీ పంచాక్షరయ్యగారు పై అధికారులకు నివేదిక పంపారు. అందులో తెలియకుండానే కొంత జిల్లా గర్వం తొంగిచూసింది.

పై అధికారులు కదిలిపోయారు. పదిరోజుల్లో సర్క్యులర్ వచ్చింది. ప్రామాణిక లోపములు తొమ్మిది అని నిర్ణయించబడినవి. ప్రతి లోపానికీ నమూనా బిళ్ల ఒకటి చొప్పున తొమ్మిది బిళ్లలున్న పెట్టెలను అన్ని జిల్లాలకూ పంపారు. బిళ్లలన్నీ ఒకేలా ఉండాలి కనక వాటిని కర్మాగారంలో అచ్చుపోయించారు. తనిఖీ చేసే వస్తువు మీది తప్పు ఏదో ఒక బిళ్లతో సరిపోవాలి. అయితే మరీ సరిపోతే అది నకలు కింద లెక్క. ఎంత సరిపోతే మరీ సరిపోయినట్టో తేల్చడానికి ఉపసంఘం వేశారు. విశ్వపతి విషయంలో మాత్రం ప్రత్యేక ఉత్తర్వు వెలువడింది: సదరు వ్యక్తి అధికారుల సమక్షమున రంగు వేయవలెను, వేయుచుండగా సహజముగా తప్పు చేయవలెను, ఇదియే కడపటి అవకాశము.

నిర్ణయించిన రోజు ఆగస్టు పద్నాలుగు. దానికి ముందు వారం విశ్వపతి సరిగా తినలేదు. బల్లకు సీలు వేస్తే ఆ గదిలో తాను ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తోచలేదు. మంచం ఉంది, కుర్చీ ఉంది. కానీ వాటి మీద కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? ఏలీషా డ్యూటీ దిగి తిన్నగా వచ్చి ధైర్యం చెప్పేవాడు. చెయ్యి వణకడానికి కాఫీ మూడు గ్లాసులు తాగమన్నాడు. రేవులో సారా తాగేవాళ్ల చేతులు ఎలా వణుకుతాయో అభినయించి చూపించాడు. విశ్వపతి శ్రద్ధగా చూసి, అలాగే ప్రయత్నించాడు. వణుకు చక్కగా కుదిరింది. కుంచె పట్టుకోగానే పోయింది.

పద్నాలుగో తేదీ మబ్బు విడిచి ఎండ కాసింది. లక్కర్‌కు అంతకన్నా మంచి రోజు ఆ నెలలో లేదు. బల్ల ముందు విశ్వపతి, ఆయనకు కుడివైపు పంచాక్షరయ్యగారు, ఎడమవైపు తొమ్మిది బిళ్లలు పరుచుకుని హైమావతి, వెనక నూకరాజు. ఈసారి కొవ్వొత్తి ముందే వెలిగించి ఉంది. గుమ్మంలో ఏలీషా కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. మాస్టారి చెయ్యి జారేలా చూడమని దేవుణ్ణి అడుగుతున్నాడు. ఇటువంటి ప్రార్థన చేయడం అతనికి జీవితంలో అదే మొదలు.

ఆకుపచ్చ రంగు గీకేసిన అదే పెట్టె మీద నీలిరంగు పది పూతలు అప్పటికే ఉన్నాయి. విశ్వపతి పదకొండోది మొదలుపెట్టాడు.

తప్పు చేయాలనే ఆయన కూర్చున్నాడు. అందులో సందేహం లేదు. ఎడమ మూల దగ్గర కుంచెను ఒక్క క్షణం ఆపితే చాలు, బొట్టు దిగేది. ఆపుదామనుకున్నాడు. చెయ్యి ఆగలేదు. కుడి అంచున రంగు కొంచెం ఎక్కువ ముంచితే చాలు. ముంచుదామనుకున్నాడు. సీసా అంచుకు కుంచెను రెండువైపులా ఒత్తేశాక గానీ ఆ సంగతి గుర్తురాలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టడంతో గదిలో గాలి కూడా ఆడక, పూతకు మరింత అనుకూలమయింది. ఆరు నిమిషాల్లో పని ముగిసింది. కిటికీ వెలుగు ఆ నీలం మీద పడి ఎక్కడా చెదరకుండా నిలబడింది. తాను ఇంతవరకు వేసిన వాటిలో ఇదే మంచి పూత అని విశ్వపతికి తెలిసింది.

"నా వల్ల కాలేదండి," అన్నాడు కుంచె కింద పెట్టి. "మీరు చేయవలసింది చేయండి. ఒక్క మనవి. పెట్టె ఇంకా తడిగా ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకండి."

తడిగా ఉందన్న మాట విని, అది నిజమా కాదా అని వేలు పెట్టి చూడకుండా వెళ్లిపోయిన మనిషి ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు. కరెంటు స్తంభాలు, ఆసుపత్రి బెంచీలు, గుడి గేట్లు అందుకు సాక్ష్యం. పంచాక్షరయ్యగారు ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవారు.

"తడిగా ఉందా?" అంటూ ఆయన బొటనవేలు పెట్టారు.

ఉంది. ఆ సంగతి రెండో అధికారి ధ్రువపరచనిదే నమోదు చేయడానికి వీల్లేదు. హైమావతి చూపుడువేలు పెట్టింది. తనిఖీ కాగితం మీద ముగ్గురు సంతకం చేయాలి, ముగ్గురూ స్వయంగా చూసి ఉండాలి. నూకరాజు కొవ్వొత్తిని ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడిచేతి వేలు పెట్టి, తనదైన శ్రద్ధతో కొంచెం తిప్పి కూడా చూశాడు.

"తడేనండి," అన్నాడు.

ముగ్గురూ నీలి వేళ్లు పైకెత్తుకుని పెట్టె వైపు చూశారు. విశ్వపతి మాత్రం చూడలేక గోడవైపు తిరిగాడు. గుమ్మంలోంచి ఏలీషా వేలితో గాలిలోనే లెక్కపెట్టాడు.

"మూడయ్యాయండి," అన్నాడు మెల్లిగా.

పంచాక్షరయ్యగారికి అర్థం కావడానికి కొంచెం వ్యవధి పట్టింది. అర్థమయ్యాక ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన చెడ్డవారు కారు. ఆ బల్లకు సీలు వేయాలన్న ముచ్చట ఆయనకు మొదటినుంచీ లేదు. ఆనవాళ్లు మూడు. మూడూ మూడు సైజులు. త్రిభుజం అసలే కాదు. ఒకటి తిరిగినట్టు కూడా ఉంది. హైమావతి కొలిచి, ఏ బిళ్లతోనూ మరీ సరిపోలేదని, అంటే సరిగ్గా సరిపోయిందని ప్రకటించింది. పత్రాల పుస్తకం తెరిచి ఆయన తన అందమైన చేవ్రాతతో "చేతి ఆనవాళ్లు: మూడు. మిక్కిలి స్పష్టముగా ఉన్నవి" అని రాశారు. ఏలీషా గుమ్మంలోనే లేచి నిలబడ్డాడు. నూకరాజు కొవ్వొత్తి ఆర్పేశాడు.

"సార్," అంది హైమావతి. "ఆరో గడి."

ఆరో గడిలో కర్త పేరు రాయాలి. తొమ్మిదో నిబంధన ప్రకారం ఆనవాలు ఎవరి చేతిదో వారే కర్త. ప్లాస్టిక్ ఏనుగుల అత్తగారిని పట్టుకోవడానికి పెట్టిన నిబంధన అది. పంచాక్షరయ్యగారి కలం ఆరో గడి మీద ఆగింది. నీలి బొటనవేలు ఆయన కళ్లెదుటే ఉంది.

"అంటే ఈ పెట్టెకు కర్త..."

"మీరు సార్. నేను. నూకరాజుగారు."

నూకరాజు తన వేలును వెనక జేబులో పెట్టుకున్నాడు.

ప్రభుత్వోద్యోగి ముందస్తు అనుమతి లేకుండా ప్రైవేటు వృత్తి చేయరాదని అందరికీ తెలుసు. అదీ పనివేళల్లో, ప్రభుత్వ వాహనంలో వెళ్లి చేయడం మరీ దారుణం. పంచాక్షరయ్యగారికి పదవీ విరమణ ఇంకా పద్నాలుగు నెలల్లో ఉంది. ఆయన చెమట తుడుచుకుని, నుదుటి మీద నీలిబొట్టు పెట్టుకుని, అలాగైతే దీన్ని యంత్రకృతమనే తేల్చేద్దామన్నారు. హైమావతి ఆ దారి కూడా చూసి వచ్చింది. యంత్రకృతమైతే ఇది కర్మాగారం. తాము ముగ్గురూ లైసెన్సు లేని కర్మాగారంలో సరుకు మీద చెయ్యి వేసినట్టు. అది చెరపలేని విధంగా సరుకు మీదే ఉంది.

"సీలేసేత్తేనో?" అన్నాడు నూకరాజు ఆశగా. అంతలోనే తనే మళ్లీ, "ఆయ్, వద్దులెండి. ఏస్తే మన వేళ్లు లోపల భద్రంగా ఉండిపోతాయి," అన్నాడు.

ఈ మాటల మధ్య విశ్వపతి గోడవైపు నుంచి తిరిగాడు. తనకు చేతనైన సాయం చేయబోయాడు. రేపు ఈపాటికి ఆరిపోతుందనీ, వెయ్యి నంబరు వాటర్ పేపరుతో పది నిమిషాలు రుద్దితే మూడు ముద్రలూ ఆనవాలు లేకుండా పోతాయనీ చెప్పాడు. ఆ మాట వారిని మొదట ఊరించి, తరవాత మరింత కుంగదీసింది. ఆనవాళ్లు పోతే మళ్లీ ఏడో నిబంధన. మళ్లీ యంత్రం. మళ్లీ తనిఖీ. తనిఖీకి వస్తే పెట్టె తడిగా ఉందా లేదా అని చూడక తప్పదు కదా అన్నారు పంచాక్షరయ్యగారు, తన స్వభావం గురించి ఎన్నడూ లేనంత నిజాయితీతో.

అప్పుడు హైమావతి చాలాసేపు కళ్లు మూసుకుంది. ఆమె లోపల పేజీలు తిరుగుతున్న చప్పుడు వినబడుతున్నట్టే ఉంది. ఏడు నుంచి వెనక్కి ఐదుకు, ఐదు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు వెళ్లింది. ఇన్నాళ్లూ ఎవరూ అంత వెనక్కి వెళ్లలేదు.

"రెండో నిబంధన సార్. వస్తువు అనగా పూర్తి అయిన వస్తువు. పూర్తి అయినదీ లేనిదీ తయారుచేయువాడు చెప్పవలెను. పూర్తి కానిది వస్తువే కాదు. వస్తువు కాకపోతే అది చేత్తో చేసినదీ కాదు, యంత్రంతో చేసినదీ కాదు. దాన్ని మనం తనిఖీ చెయ్యలేం. అంటే చెయ్యలేదు."

పంచాక్షరయ్యగారు ఆమెను కన్నకూతురిని చూసినట్టు చూశారు. ఏలీషా దగ్గరున్న పదకొండు పెట్టెల సంగతేమిటని మాత్రం అడిగారు. అవీ పూర్తి కాలేదనే రాయించుకోవాలంది హైమావతి. ఒక్కటి పూర్తయిందన్నా డొంకంతా కదులుతుంది.

"ఐదేళ్లబట్టి వాయిత్తన్నానండి వాటితోటి," అన్నాడు ఏలీషా. "పెళ్లిళ్లలో కూడాను."

"పూత ఆరుతుండగా వాయించకూడదని నిబంధనల్లో లేదండీ," అంది ఆమె.

కాగితం ఆమే రాసింది. "లాకుల వీధి ఏడవ నంబరు మేడపై నివసించు విశ్వపతి అను నేను వ్రాసి ఇచ్చునదేమనగా: నేను తయారుచేయుచున్న పన్నెండు పెట్టెలలో ఏ ఒక్కటియు నేటి వరకు పూర్తి కాలేదు. అందు పదకొండు పెట్టెలు ఆరుటకై మిత్రుడు ఏలీషా గారి వద్ద ఉంచబడినవి. బల్ల మీద ఉన్న పన్నెండవదానిపై ఎవరి చేయియు పడలేదు. అవి ఎప్పటికి పూర్తి అగునో నేను చెప్పలేను." దీనికి లోబడి బల్లకు సీలు వేయవలసిన అవసరం కనబడలేదని కింద అధికారుల వ్రాత.

విశ్వపతి కాగితం తీసుకుని చదివాడు. రెండోసారి చదివాడు. కలం మూత తీశాడు గానీ సంతకం పెట్టలేదు. నూకరాజు అసహనంగా కదిలాడు. తప్పుడు కాగితం మీద విశ్వపతి సంతకం చేయడేమోనని ఏలీషాకు భయం పట్టుకుంది; ఆ మనిషి సంగతి అతనికి తెలుసు.

"పెట్టెయ్యండి మాస్టారూ," అన్నాడు బతిమాలుతూ. "ఆ బల్ల పోతే మీరేమైపోతారు? ఓ చిన్న అబద్ధానికి దేవుడేం అనుకోడు."

హైమావతి వంగి, మరెవరికీ వినబడనంత మెల్లిగా అడిగింది. "ఇందులో అబద్ధం ఏదైనా ఉందాండీ? ఉంటే మారుస్తాను."

విశ్వపతి ఆలోచించాడు. మొదటి పెట్టె: కింది అంచున ప్రైమరు వెంట్రుకవాసి పలచన, రెండో పూతకు ముందే సరిచేయవలసింది. నాలుగోది: ఎరుపు బాగానే కుదిరింది, కానీ మీట చుట్టూ ఇంకొక్క రుద్దుడు పడాలి. ఏడోది వర్షాకాలంలో వేసినది. తొమ్మిదోది తలుచుకోకపోవడమే మంచిది. ఒక్కొక్క పెట్టెనూ మనసులో కిటికీ వెలుగుకు పట్టి తిప్పి చూసుకున్నాడు. ఇక చాలు, అయిపోయింది అని దేన్ని చూసీ అనుకున్న జ్ఞాపకం ఆయనకు లేదు. ప్రతిసారీ పెళ్లికి టైమైపోతోందని ఏలీషా వచ్చి పట్టుకుపోయాడు, అంతే. బల్ల మీదున్న నీలం పెట్టె సంగతి చెప్పనే అక్కర్లేదు.

"లేదండి," అన్నాడు. "ఉన్నది ఉన్నట్టే రాశారు."

సంతకం పెట్టాడు. నెలన్నరగా వణకమంటే వణకని చెయ్యి ఇప్పుడూ వణకలేదు.

పంచాక్షరయ్యగారు కాగితాన్ని ఊది, తడి లేదని ఈసారి చూపుతోనే నిర్ధారించుకుని, నాలుగు మడతలు పెట్టారు. లేచి, విశ్వపతి భుజం మీద చెయ్యి వేయబోయి, వేలు చూసుకుని మానుకున్నారు. అవి ఎప్పుడైనా పూర్తయితే మాత్రం దయచేసి తమకు తెలియజేయవద్దని కోరారు. తెలియజేయవలసిన అవసరం రాదనుకుంటానని విశ్వపతి వినయంగా బదులిచ్చాడు. ఉప సంచాలకులు మడిచిన కాగితాన్ని కవరులోనూ, కవరును ఫైలులోనూ పెట్టి, ఫైలును నూకరాజు సంచిలో అన్నిటికన్నా అడుగుకు తోయించి, సంచి మూతి బిగించి కట్టించారు.